ట్రక్కు ముందు నడిచిన మనిషి

మొన్న కుట్టుమిషను బాగుచేయించుకుందామని ఏలూరు వెళ్లాను. కాలవ గట్టు పక్క సందులో ఒక ముసలి మెకానిక్కు ఉన్నాడు. మిషను విప్పి, లోపలి ముక్కల్ని రేకు పళ్లెంలో వేసి, వాటి మీద సీసాలోంచి ఏదో ఒంపాడు. కిరసనాయిలు. ఆ వాసన పీల్చి ఎన్నాళ్లయిందో. ఇళ్లలో దీపాలు పోయాయి, స్టవ్వులు పోయాయి, రేషను డిపో ముందు డబ్బాలు పట్టుకుని నిలబడే వరసలూ పోయాయి. నాకు మాత్రం ఆ వాసనకు వంటిల్లు గుర్తుకు రాదు. తుప్పు పట్టిన నట్ల మీద దూదితో కిరసనాయిలు అద్దుతూ ఒంగి కూర్చున్న సూర్యనారాయణ బాబాయిగారి వీపు గుర్తుకొస్తుంది. మెకానిక్కు పని అయ్యేదాకా కదలకుండా చూస్తూ కూర్చున్నాను. "ఏమ్మా, తొందరేం లేదా?" అని అడిగాడతను. లేదన్నాను. తొందరపడకుండా కూర్చోవడం నేను నేర్చుకున్నది ఆ వీపు వెనకే.

బాబాయిగారు మాకు చుట్టం కాదు. పెదపాడు దాటి కొల్లేటి వైపు వెళితే చేపల చెరువుల మధ్య మా ఊరు. అక్కడ ఆయన మా పక్కింటాయన. మేము ఆదివారం ప్రార్థనకు వెళతాం, ఆయన శనివారం గుడికి వెళ్లేవారు. చెరువు సాగు చేసిన రోజుల్లో ఏదో శాఖవాళ్లు వేలంలో వదిలించుకున్న పాత డీజిల్ ట్రక్కు ఒకటి కొన్నారు. నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందే బండి. ముందు ముగ్గురు సర్దుకుని కూర్చోవచ్చు, వెనక తొట్టి. బురద గట్ల మీద చేపల మేత బస్తాలు మోసింది. చెరువు లీజుకిచ్చాక అది పశువుల పాకలో ఉండిపోయింది. నేను కాపురానికి వచ్చేనాటికి దాని సీట్లో కోళ్లు గుడ్లు పెట్టేవి.

మా ఆయనకు మూత్రపిండాలు రెండూ పాడయ్యాయని తెలిసిన ఏడు, ఆ ట్రక్కు సంగతి ఎవరికీ పట్టలేదు. వారానికి మూడుసార్లు ఏలూరు తీసుకొచ్చి డయాలిసిస్ చేయించాలన్నారు డాక్టరుగారు. ఒకటి తప్పితే ఒళ్లు నీరు పడుతుంది, వరసగా రెండు తప్పితే ఊపిరి అందదు, ఆ తర్వాత మేం చెప్పలేం అని మెల్లగా చెప్పారు. ఎండాకాలం ఆటోలో తిరిగాం. కానీ మా ఊరి రోడ్డుకు రెండు పక్కలా చెరువులే. వానలు పడి కొల్లేరు ఎగదన్నితే రోడ్డు ములుగుతుంది, ఆటో అన్నది రాదు. ఆ నీళ్లలో దిగగలిగేది ఊళ్లో ట్రాక్టరొక్కటే. దాని మీద కూర్చుని ఆ కుదుపులు ఓర్చుకునే ఒళ్లు కాదు ఆయనది. నేను రోజూ మోకాళ్లూని ప్రార్థన చేసేదాన్ని గాని, కళ్లు తెరిస్తే ఆ రోడ్డే కనిపించేది.

ఒకరోజు సాయంత్రం బాబాయిగారు మా గుమ్మం దగ్గరికొచ్చి నిలబడ్డారు.

"అమ్మాయ్, వానలు పడితే మీ ఆయన్ని ఎలా తీసుకెళతావు?"

"దేవుడు దారి చూపిస్తాడండీ" అన్నాను.

"చూపిస్తాడు, కాదన్ను. ఆ దారిన పోవడానికి బండి కావాలి కదా. నా దగ్గర బండి ఉంది. చూపే చాలట్లేదు, డ్రైవింగు మానెయ్యమన్నాడు కళ్ల డాక్టరు. రేపు పొద్దున పాకలోకి రా. పాత చీర కట్టుకునిరా, పాడవుద్ది."

నాకు నవ్వొచ్చింది, భయమూ వేసింది. నేను బడి మొహం చూడలేదు. చిన్నప్పుడు జబ్బుపడి మంచం దిగకపోతే అమ్మే ఇంట్లో అక్షరాలు దిద్దించింది, లెక్కలు చెప్పింది. అమ్మ కాక నాకు పాఠం చెప్పిన మనిషి ఇంకొకరు లేరు. పెళ్లయిన ఇన్నాళ్లకు రెండో బడిలో చేరాను. ఆ బడిలో కోళ్లు కూడా ఉన్నాయి.

బాబాయిగారి పద్ధతి చిత్రంగా ఉండేది. అందరూ ఇంజను దగ్గర మొదలుపెడతారు. ఆయన బ్రేకుల దగ్గర మొదలుపెట్టారు. "కదలకపోతే పాకలోనే ఉంటుంది, ఎవరికీ నష్టం లేదు. ఆగకపోతేనే కదా" అన్నారు. బ్రేకుల తర్వాత స్టీరింగు, ఆ తర్వాతే ఇంజను. మా దగ్గర డబ్బు లేదని ఆయనకు తెలుసు, ఆయన దగ్గరా లేదని నాకు తెలుసు. అందుకని కొత్త సామాను మాట ఎత్తేవాళ్లం కాదు. తాడేపల్లిగూడెంలో పాత లారీ సామాన్ల కొట్లకు బస్సులో వెళ్లేవాళ్లం. ఆయన ఒక్కో ముక్కనూ చేత్తో తడిమి, చెవి దగ్గర తిప్పి, పక్కన పెట్టేసేవారు. "రేపు రండి బాబూ, ఇంకో బండి విప్పుతున్నాం" అంటే మళ్లీ మర్నాడు వెళ్లేవాళ్లం. కింద నేల రేకు తుప్పు తిని పోతే నూనె డ్రమ్ము కోయించి అతికించారు. ఇంజను గాలి పీల్చే గొట్టాన్ని చెరువుల్లో వాడే పీవీసీ పైపుతో పొడిగించి, అద్దం పక్కనుంచి టాపు దాకా లేపారు. "ఇంజనూ మనలాంటిదే. ముక్కు నీళ్లపైన ఉంటే బతుకుతుంది" అన్నారు. మేత సంచులు ఉతికి సీట్లకు తొడుగులు నేను కుట్టాను. రంగు మాత్రం వేయలేదు.

అన్నిటికంటే కష్టం తుప్పు పట్టిన నట్లు. ఒకసారి నేను పానా పట్టుకుని బలమంతా పెట్టి తిప్పబోతే చెయ్యి పట్టి ఆపారు. కిరసనాయిలు అద్ది, "ఇక దాని జోలికి పోకు, ఇంటికెళ్లి అన్నం వండుకో" అన్నారు. మర్నాడు తిప్పితే రాలేదు. మళ్లీ అద్దారు. ఆ మర్నాడూ రాలేదు. నాలో నేను విసుక్కుంటున్నాను, ఆకాశం చూస్తే మబ్బులు కమ్ముతున్నాయి. ఆ తర్వాత ఒక పొద్దున తనంతట తానే వదిలినట్టు కదిలింది. ప్రార్థనకు జవాబు ఆలస్యమైనప్పుడు నాకు ఇప్పటికీ ఆ నట్టే తలపుకొస్తుంది.

ఊళ్లో నవ్వినవాళ్లు లేకపోలేదు. మొదటిసారి బండిని రోడ్డెక్కించిన రోజు టీకొట్టు వీర్రాజు కేకేశాడు. "ఏవండీ సూర్యనారాయణగారూ, ఆ బండెక్కితే టీటీ ఇంజక్షను చేయించుకోవాలంటగా?"

"ముందు నీ బెంచీకి మేకులు సరిగా కొట్టించరా. నిన్న నా పంచె సగం దానికే వదిలేసి వచ్చాను" అన్నారు బాబాయిగారు.

చెరువు గట్ల మీద నాకు డ్రైవింగు నేర్పారు. ఒక్కనాడూ గొంతు పెంచలేదు. వానలు మొదలయ్యాక చాలాసార్లు నీళ్లలోంచే వెళ్లొచ్చాం. నీళ్లలో దిగేముందు ఫ్యాన్ బెల్టు తీసెయ్యాలి, లేకపోతే ఫ్యాను ఇంజనంతా తడిపేస్తుంది. ముందు భాగానికి పట్టా కట్టాలి. చిన్న గేరులో ఒకే వేగంతో పోవాలి, మధ్యలో గేరు మార్చకూడదు. లోతు ఎక్కువున్నచోట ఆయన దిగి, పడవ నడిపే గెడకర్రతో అడుగు చూసుకుంటూ ముందు నడిచేవారు. రోడ్డు ఎక్కడుందో ఆయన అరికాళ్లకు తెలుసు, కంకర తగులుతుంది. "నీళ్లకేసి చూడకు, కళ్లు తిరుగుతాయి. నా వీపు చూడు" అనేవారు. ప్రతిసారీ మా ఆయన ఏలూరులో డయాలిసిస్ మిషను మంచం ఎక్కగానే నేను కారిడార్లో కూర్చుని దేవుడికి కృతజ్ఞత చెప్పుకునేదాన్ని. అందులో బాబాయిగారి పేరూ ఉండేది, ట్రక్కు పేరూ ఉండేది.

నేను చెప్పాలనుకున్నది ఆ పెద్ద వరద రోజు సంగతి. అంతకుముందు రోజు వెళ్లాల్సింది, గాలివాన వల్ల వెళ్లలేకపోయాం. మా ఆయన కాళ్లు, మొహం ఉబ్బిపోయాయి. తెల్లారగానే బయలుదేరాం. ముందు సీట్లో నేను, ఆయన, ఆయన్ని పట్టుకుని మా పెద్ద ఆడపడుచు మరియమ్మ వదిన. బాబాయిగారు తొడల్లోతు నీళ్లలో ముందు నడుస్తున్నారు. సగం దూరం వచ్చాక ఆగిపోయారు. గెడకర్ర దింపి చూశారు, పక్కకు జరిగి మళ్లీ దింపారు. ఇంకో అడుగు వేయబోయి ఒక్కసారిగా ఛాతీ దాకా దిగిపోయారు. గెడ పట్టుకుని ఎలాగో పైకొచ్చి, అక్కడే నిలబడి ఊపిరి తీసుకుని, బండి దగ్గరికొచ్చారు.

"వెనక్కి పోదాం అమ్మాయ్."

"అదేంటండీ, అంత పెద్ద బండి, గుంటలో దిగి లేవలేదా?" అంది మరియమ్మ వదిన.

"గుంటయితే లేస్తుందమ్మా. అది గుంట కాదు, అడుగు అందట్లేదు."

"మీకు సరిగా కనపడక అలా అంటున్నారు. వాడు చచ్చిపోతున్నాడండీ ఇక్కడ. ఇన్నాళ్లూ ఈ బండిని బాగుచేసింది ఎందుకు, వెనక్కి పోవడానికా? భయమైతే మీరు దిగిపోండి, మేం పోతాం."

బాబాయిగారు ఆమెకేసి ఒకసారి చూశారు. మా ఆయన కళ్లు మూసుకుని ఉన్నారు. వదిన అన్నదే నా గుండె కూడా అంటోంది. బాబాయిగారు నాతోనే మాట్లాడారు, గట్టు మీద పాఠం చెప్పినంత నెమ్మదిగా. "ఇక్కడ తిప్పడానికి చోటు లేదు. రివర్సులో రావాలి. నేను వెనక ఉండి తొట్టి రేకు మీద కొడుతుంటాను. చప్పుడు వినిపిస్తున్నంతసేపు రా. ఆగితే ఆగు."

అద్దంలో ఆయన కనబడలేదు, నీళ్లే కనబడ్డాయి. రేకు మీద ఆ అరచేతి చప్పుడొక్కటే నాకు రోడ్డు. ఎంతసేపు పట్టిందో చెప్పలేను. గట్టి నేల మీదికొచ్చాక స్టీరింగు వదలడానికి నా వేళ్లు విప్పుకోలేదు. ఆయన తడి బట్టలతోనే చెరువుల వైపు వెళ్లి, చేపలు పట్టేవాళ్ల పడవ ఒకటి మాట్లాడుకొచ్చారు. ఇంట్లోంచి మంచం పరుపు తెచ్చి పడవలో పరిచి, చెరువులకడ్డంగా అవతలి రోడ్డెక్కించి, అక్కడినుంచి ఆటోలో ఏలూరు చేర్చాం. మధ్యాహ్నం దాటాక మా ఆయన్ని మిషను మీద పడుకోబెట్టారు. బతికారు.

"ఆవిడ అన్ని మాటలంది, మీరు ఒక్కటీ తిరిగి అనలేదేంటండీ?" అని పడవలో అడిగాను.

"అననియ్యమ్మా. తమ్ముడు కదా" అన్నారు. అంతే.

నీళ్లు తీశాక చూస్తే అక్కడ రోడ్డు కింద ఉండాల్సిన కల్వర్టు లేదు, కొట్టుకుపోయింది. బండి మొత్తం పట్టేంత గండి పడి, చెరువు నీళ్లు ఇటునుంచి అటు పారుతున్నాయి. మరియమ్మ వదిన చాలాసేపు ఆ గండి అంచున నిలబడింది. ఆ సాయంత్రం ఆకులో చుట్టి కాసిని వేడి గారెలు తీసుకెళ్లి బాబాయిగారి అరుగు మీద పెట్టి వచ్చింది. ఆయన తిని, ఉప్పు తగ్గిందని కబురు చేశారు. అప్పుడుగాని వదిన ఏడవలేదు.

ఆ రోజు గురించి నేను ఎన్నోసార్లు ఆలోచించాను. ఎండలో కూర్చుని, ఒక్కో ముక్కా వెతికి తెచ్చి బాగుచేసుకున్న బండి. నీళ్లలో పోవడానికే బాగుచేసిన బండి. ఆ కష్టమంతా ఆయన్ని ముందుకు తొయ్యాలి. మనం చెమటోడ్చి చేసిన పని మనల్ని అలాగే తోస్తుంది, పనికొస్తుందని చూపించమంటుంది. ఆయన ఆ మాట వినలేదు. తన కాలు కింద ఏముందో అదే విన్నారు. అంత భక్తి నేను మందిరాల్లో కూడా తక్కువ చూశాను.

ఆ తర్వాత దేవుడు మా ఆయనకు మరికొన్నేళ్లు ఇచ్చాడు. ఒక చలికాలం పొద్దున, నా చెయ్యి పట్టుకుని ఉండగానే వెళ్లిపోయారు. కార్యక్రమాలయ్యాక తాళంచెవి తిరిగి ఇవ్వడానికి బాబాయిగారి దగ్గరికి వెళ్లాను. అప్పటికి ఆయనకు చూపు దాదాపు పోయింది. చేయి చాచారు గాని తాళం తీసుకోలేదు, నా వేళ్లు దాని మీద ముడిచారు. "పక్క ఊళ్లో కుమారి అని ఒక పిల్లకు కూడా మిషను పెట్టారంట. వాళ్ల నాన్న నిన్న వచ్చి కూర్చున్నాడు. నువ్వు ఏమంటావో అడుగుదామని" అన్నారు. తాళంచెవి కొంగుకు ముడేసుకున్నాను. ఆ వారమే మళ్లీ బండి తీశాను. రెండేళ్ల తర్వాత బాబాయిగారు కూడా పోయారు. పోయే ముందు రోజు కూడా వీల్ బేరింగులకు గ్రీజు పెట్టావా అని అడిగారు.

ఈ వానల్లో ఒకరోజు కుమారిని తీసుకెళుతూ నీళ్ల దగ్గర ఆగాను. ఇప్పుడు ముందు నడిచేవాళ్లు లేరు, నేనే దిగుతాను. గెడ దింపి చూశాను. కంకర తగలాల్సిన చోట మెత్తగా జారింది. రెండుసార్లు చూసి వెనక్కొచ్చి, వెళ్లలేమండీ అన్నాను. వాళ్ల నాన్న మెతక మనిషి, ఎప్పుడూ ఒక మాట తూలి ఎరుగడు. ఆయన మొహం ఎర్రబడింది. "మీ కడుపున పుట్టిన పిల్లయితే వెళ్లేవారండీ" అన్నాడు. నాకు పిల్లలు లేరని ఆయనకు తెలుసు. ఆ క్షణంలో తెలియలేదు, అంతే. నేను నిలబడి ఆ మాట పూర్తిగా విన్నాను. పడవ కోసం ఫోను చేసి, చీర కుచ్చిళ్లు పిండుకుని, కుమారి చెయ్యి పట్టుకున్నాను. పడవ వచ్చే రేవు దాకా గట్టంతా జారుడుగా ఉంది. అడుగు చూసుకుంటూ ముందు నేను నడిచాను, వెనక కుమారి, ఆ వెనక వాళ్ల నాన్న.