కత్తిరించొద్దన్న ఫోటో

మా తోటికోడలు కిందటి వారం మంగళవారం పగలు పదకొండూ ఇరవైకి, ఇబ్రహీంపట్నంలోని మా ఇంట్లోనే కన్నుమూసింది. మంచం పక్కనే ఉన్నాను కనుక సమయం నాకు తెలుసు. గుండెపోటని కొందరు చెప్పుకుంటున్నారు. కాదు, మూత్రపిండాలు పాడయ్యాయి. ఆమె గురించి తప్పు రాస్తే ఆమే ఒప్పుకోదు.

ఇక్కడి ఒక ప్రైవేటు విశ్వవిద్యాలయంలో పందొమ్మిదేళ్ళు రసాయనశాస్త్రం చెప్పింది. హాస్టళ్ళ మురుగును పైపు వేసి వెనక కుంటలోకి వదులుతున్నారని పట్టుకున్నది ఆమె విద్యార్థులే. వాళ్ళలో నా మనవరాలు ఒకతి. మొదటిసారి కుంట నీళ్ళు పట్టి మా ఇంటికే తెచ్చారు.

"సీసాలు దేంతోని కడిగిన్రు?" అని అడిగింది మా తోటికోడలు.

"సబ్బుతోని మేడమ్. మస్తు తోమినం."

"మంచిగ చేసిన్రు! ఇగ పరీక్షల మీ సబ్బే కనవడతది. యాజమాన్యపోళ్ళు నవ్వుతరు. పారబోసి మళ్ళ పోండ్రి. కుంట నీళ్ళతోనే మూడుసార్లు కడిగి పట్టాలె."

అట్లా నాలుగుసార్లు తిప్పింది. కూరలో ఉప్పు కూడా చెంచా కొసతోనే వేసేది. దాని మీద మేమిద్దరం ముప్పై ఏళ్ళు పోట్లాడుకున్నాం. ఇప్పుడు నా కూరకు వంక పెట్టే మనిషి లేదు.

విశ్వవిద్యాలయం ఆఫీసు మీద రాళ్ళు వేద్దామన్న పిల్లలను ఒకే మాటతో ఆపేది: "రాయి వేస్తె వాళ్ళు అద్దం మార్చుకుంటరు. రుజువు వేస్తె ముఖం మార్చుకోవాలె."

రుజువులు పట్టుకుని పిల్లలు విశ్వవిద్యాలయం గేటు ముందు కూర్చున్నారు. యాజమాన్యం ఆరుగురిని సస్పెండ్ చేసింది, నా మనవరాలితో సహా. పిల్లలను రెచ్చగొట్టిందని ఆమెను ఉద్యోగం నుంచి తీసేసింది. పైపును మాత్రం తీయలేదు. కుంటలో చేపలు చచ్చి తేలిన రోజు, చిక్కుడుకాయలు ఒలుస్తూ నాతో అంది: "అక్కా, నేను క్షమించ. నువ్వు గూడ క్షమించకు." మాట ఇచ్చాను.

ఆమె పోయిన మూడో రోజు, అదే విశ్వవిద్యాలయంలో ప్రచారం పనులు చూసే ఒకతను పండ్లబుట్టతో వచ్చాడు.

"అమ్మా, మేడమ్ మా సంస్థకు కొండంత అండ. గేటు కాడ పెద్ద ఫ్లెక్సీ వేస్తున్నం. మంచి ఫోటో ఒకటి ఇయ్యున్రి."

"నానమ్మా, ఎల్లగొట్టు!" అంది మనవరాలు.

తీసేసినవాళ్ళే ఇప్పుడు ఆమె పేరు వాడుకుంటారట, అదీ అడ్మిషన్ల రోజుల్లో. నాకూ ఒళ్ళు మండింది. అయినా మనవరాలిని లోపలికి పంపి ఫోటో ఇచ్చాను. కుంట గట్టు మీద ఆమె సీసా ఎత్తి పట్టుకుని నిలబడిన ఫోటో. వెనక ఆ పైపు, అందులోంచి దూకుతున్న నల్లటి నీళ్ళు.

"నవ్వుతున్నరు మేడమ్, మంచిగున్నది. ఎన్క వాగా అమ్మా?"

"నీళ్ళే బిడ్డా. ఆమె ఎప్పుడు పోయే జాగ. కత్తిరించకుండ, ఉన్నదున్నట్టె వెయ్యాలె."

అతను ఆ ఉద్యోగంలో చేరి నాలుగేళ్ళట. ఒక్కనాడు హాస్టల్ వెనకకు నడిచి ఉంటే పైపును గుర్తుపట్టేవాడు. అతని పైవాళ్ళూ నడవలేదు. అందరూ చూసి సరే అన్నారు. శత్రువు ఎక్కడ చూడడో అక్కడ చూడమని నాకు నేర్పింది ఆమే. అందుకు ఆమెకు ఋణపడి ఉన్నాను.

శనివారం మన్నెగూడలో అచ్చువేయించి గేటుకు కట్టారు. రెండు నిలువుల ఎత్తు. సీట్ల కోసం వచ్చిన తల్లిదండ్రులు ఆగి చూశారు. కుంటలో చేపలు పట్టుకునే కుటుంబాలవాళ్ళూ వచ్చారు.

"అరే, గిది మన కుంటే గదా! గా పైపు గీళ్ళదే!"

"ఏ పైపు? ఎక్కడుంది?" అని ఒక తండ్రి అడిగాడు. ఇంకా గేటు ముందే కూర్చుని ఉన్న, సస్పెండైన ఆరుగురూ లేచి, ఆయనను హాస్టల్ వెనకకు తీసుకుపోయారు. ఆయన వెంట ఇంకో పదిమంది నడిచారు.

మధ్యాహ్నానికి వాచ్‌మన్ నిచ్చెన తెచ్చాడు. చేపలు అమ్మే ఒకామె నిచ్చెన కాళ్ళ దగ్గర నిలబడింది.

"ఏమన్నా, దినాలు గూడ గాకముందే సచ్చిపోయినామెను కిందికి దించుతవా? నీ ఇంట్ల ఎవలు సావలేదా?"

అతను ఎక్కలేదు. ఎక్కమని చెప్పడానికి పైవాళ్ళెవరూ బయటికి రాలేదు.

ఈ రోజు తొమ్మిదో రోజు. పొద్దున గేటు దాకా వెళ్ళివచ్చాను. ఆ ఫ్లెక్సీ నీడలో, నిచ్చెన మొదటి మెట్టు మీద కూర్చుని వాచ్‌మన్ టిఫిన్ డబ్బా విప్పుతున్నాడు. అతని తల మీద మా తోటికోడలు సీసా ఎత్తి పట్టుకుని, నవ్వుతూ, గేటులోకి వెళ్ళే ప్రతి కారుకూ చూపిస్తోంది.