వనజ షెడ్డు గోడ

పినపాక అవతల, అడవి అంచున ఉన్న గూడెంలో వనజకు అడ్డాకు విస్తర్లు తయారుచేసే షెడ్డు ఉంది. అంతకుముందు తొమ్మిదేళ్లు ఒక వ్యాపారి గోదాములో ఇదే పని చేసింది. సరుకు ఎంతకు పోతుందని ఒకసారి అడిగితే, "నీకెందుకు?" అన్నారక్కడ. ఆ మాట ఆమె మనసులోంచి పోలేదు.

అందుకే సొంత షెడ్డు తెరిచిన రోజే ముందుగోడకు నల్లరంగు వేయించి అన్నీ రాసింది: ఆకు కొన్న ధర, కూలి, కరెంటు బిల్లు, విస్తర్లు ఎవరికి ఎంతకు అమ్మిందీ, చివర తన జీతం. నెలనెలా కొత్త లెక్క రాసేది.

మొదటి దెబ్బ సొంత గూడెంవాళ్ల నుంచే తగిలింది. ఆకు తెచ్చే ఆదెమ్మ గోడ చదివించుకుని వచ్చి నిలదీసింది.

"ఏందే వనజా, అడివంత తిరిగేది మేము. నీకు మాకంటె రెండింతలా?"

వనజకు ఒళ్లు మండింది. "బ్యాంకు అప్పు నా పేరు మీదుంది పెద్దమ్మా. మునిగితే నేనే మునుగుత. అయినా ఎక్కువనిపిస్తే కూసొని తేల్చుకుందాం."

కూర్చున్నారు, గట్టిగానే అరుచుకున్నారు. చివరికి వనజ జీతం కొంత తగ్గింది, ఆకు ధర పెరిగింది. మింగుడుపడకపోయినా ఆ అంకె కూడా తనే రాసింది.

సరుకులో సగం కొనే తల్లాడ వ్యాపారి వెంకటకృష్ణ గోడ చూసి మండిపడ్డాడు.

"నా రేటు ఊరందరికీ చెప్తావా? పక్క గూడేలోళ్లు గూడ ఇదే రేటు అడుగుతున్నరు. చెరిపెయ్."

"చెరప సార్."

"నీ ఆడోళ్లే నీ జీతం కోసిన్రంట. ఇంకా బుద్ధి రాలేదా?"

"నా మొకం మీద అడిగి కోసిన్రు. మీరు చెప్పకుండ మా రేటు కోస్తరు."

అతను కొనడం మానేశాడు. ఆ సంగతీ గోడెక్కింది: ఈ నెల నష్టం, వనజకు జీతం లేదు. షెడ్డులో పనిచేసే ఇద్దరు ఆడవాళ్లు మిర్చి ఏరడానికి వెళ్లిపోయారు. ఆదెమ్మ మాత్రం ఆకు మోపు తెచ్చి దించింది.

"పైసలు వచ్చినంకనే ఇయ్యి. వస్తే గోడ మీద కనబడతయి గదా."

వనజ మణుగూరు, కొత్తగూడెం తిరిగి వంట కాంట్రాక్టర్లను పట్టుకుంది. సగం నష్టం పూడింది. పెళ్లిళ్ల రోజుల్లో వెంకటకృష్ణ ఫోన్ చేశాడు.

"పాత రేటుకే తీసుకుంటా. నా పేరు మాత్రం రాయకు."

"పేరు రాయకుండ అమ్మను సార్. ఇష్టమైతేనే తీస్కోండ్రి."

సరుకుకు బండి ఎప్పుడు పంపాలో అడిగాడు వెంకటకృష్ణ.