మూడు వందల తొంభై ఆరు సంతకాలు

ఈశ్వరయ్య గారు చేసిన నేరం ఒక్కటే, ఆయన దస్తూరి బాగుంటుంది. కోర్టులో ఆ సంగతి దాచమని ఎవరూ చెప్పలేదు, చెప్పినా ఆయన దాచేవారు కాదు. ఆ రోజు నుంచి నాకు కడుపు మండుతూనే ఉంది. ఎవరి మీద మండాలో తేలక, చివరికి నా మీద కూడా మండుతోంది.

అమెరికాలోని ఫీనిక్స్ శివారులో ఆయనది మా కింది అపార్ట్‌మెంట్. సూర్యాపేట సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు ముందు ముప్పై రెండేళ్ళు దస్తావేజు లేఖరిగా పనిచేశారు. కూతురు గీతాంజలి పిలిపించుకుంటే భార్య పద్మజ గారితో వచ్చి, ఐదేళ్ళు ఆగి, ఇంటర్వ్యూలో అడిగిన ప్రశ్నలన్నిటికీ జవాబు చెప్పి పౌరసత్వం తీసుకున్నారు. కంటి జబ్బు వల్ల పక్క చూపు ఆనదు కనుక ఆయనకు లైసెన్స్ ఇవ్వలేదు. పద్మజ గారికి స్టీరింగ్ పట్టుకుంటేనే చెమటలు. అయినా ఇద్దరూ కూతురింట్లో ఉండకుండా విడిగా ఉండగలిగారంటే, అది నాలుగో నంబరు సిటీ బస్సు పుణ్యం.

ఆ బస్సెక్కి పద్మజ గారు ఆరు మైళ్ళ అవతల డేకేర్‌లో పనికి వెళ్ళేవారు. పిల్లలకు అన్నం తినిపించడం, నిద్రపుచ్చడం. ఏడేళ్ళుగా ఒక్క రోజు ఆలస్యంగా వెళ్ళి ఎరగరు. ఈ దేశంలో మన పెద్దవాళ్ళ బతుకు ఎలా ఉంటుందో మనకు తెలియనిదా? కూతురు మీటింగ్ ఎప్పుడవుతుందా, అల్లుడు కారు ఎప్పుడు తీస్తాడా అని సోఫాలో కూర్చుని ఎదురుచూడటమే. పద్మజ గారు అలా ఎవరి కోసమూ ఎదురుచూడలేదు. తన పర్సు తను తగిలించుకుని, తన బస్సు తను ఎక్కారు.

ఎక్కేవాళ్ళు తక్కువంటూ డిసెంబరుతో ఆ బస్సు ఆపేస్తామని సిటీ కౌన్సిల్ తీర్మానించింది. బస్సు కొనసాగించాలన్న ప్రతిపాదనను జనమే ఓటుకు పెట్టించే దారి ఒకటుందని మా వీధిలోని హర్షవర్ధన్ కనిపెట్టాడు. ఓటర్ల సంతకాలు రెండు వేల వంద తేవాలి. తెస్తే నవంబరు బ్యాలెట్ మీద ఆ ప్రశ్న పెట్టక తప్పదు. అతను కాగితాలు ప్రింట్ చేసి పదిమందికి పంచాడు. అందరిలోనూ ముందు చెయ్యి చాపింది ఈశ్వరయ్య గారే.

మార్చి నుంచి జూన్ దాకా, ఎండ నూట పది ఫారెన్‌హీట్ డిగ్రీలు దాటిన రోజుల్లో కూడా, ఇండియన్ గ్రోసరీ ముందు అట్ట పట్టుకుని నిలబడ్డారు. మన జనం సంగతి చెప్పాలా? చేతిలో కొత్తిమీర కట్ట, చెవిలో ఫోను. నేనూ అంతే.

"అంకుల్, నాకు కాల్ ఉంది. మీరే ఫిల్ చేసేయండి, నేను సైన్ పెట్టేస్తా."

"గట్లనే బిడ్డా. నీ పేరు అలేఖ్య, ఇంటి నంబరు నాకు తెల్వదా? సంతకం ఒక్కటి పెట్టు సాలు."

పేరు, చిరునామా, తేదీ అచ్చు గుద్దినట్టు రాశారు. నేను గీత గీకి కారెక్కాను. మనకు ఇదేం కొత్త కాదు. ఇంటికి ఒకరుంటారు ఫారాలు నింపడానికి. వీసా కాగితాలైనా, పిల్లల స్కూలు కాగితాలైనా చేతిరాత బాగున్నవాళ్ళ ముందు పెట్టి, చూపించిన చోట సంతకం పెట్టి లేస్తాం. ఈశ్వరయ్య గారి వృత్తే అది. రాసేది లేఖరి, ఒప్పుకునేది సంతకం చేసినవాడు. అక్కడ ప్రభుత్వమే ఆయనకు లైసెన్స్ ఇచ్చి మరీ ఆ పని చేయించుకుంది.

ఇక్కడి చట్టం వేరు. సంతకం చేసే మనిషే తన పేరు, చిరునామా, తేదీ తన చేత్తో రాయాలి. వైకల్యం ఉన్నవాళ్ళకైతే వేరొకరు రాసిపెట్టొచ్చు. ఒళ్ళు బద్ధకం వైకల్యం కింద రాదు. ఆ ముక్క కాగితం మీదే ఇంగ్లీషులో ఉంది. ఈశ్వరయ్య గారు కూడబలుక్కుని చదివి, అనుమానం వచ్చి అడిగారు కూడా. "ఏం పర్లేదంకుల్, సైన్ వాళ్ళదైతే చాలు" అన్నాడట హర్షవర్ధన్. రోజంతా సాఫ్ట్‌వేర్‌లో తప్పులు వెతికి జీతం తీసుకునే నేను ఆ వాక్యం చదవనే లేదు.

జూలైలో కాగితాలు సిటీ ఆఫీసులో అప్పజెప్పారు. అధికారుల వడపోతలన్నీ అయ్యాక రెండు వేల మూడు వందల ఎనభై ఎనిమిది సంతకాలు నిలిచాయి. మేము స్వీట్లు పంచుకున్నాం. వారం తిరక్కుండా, బస్సు డిపో స్థలం మీద కన్నేసిన ఒక కంపెనీ కోర్టుకెళ్ళింది. మూడు వందల తొంభై ఆరు వరసల్లో ఒకే చేతిరాత ఉందని వాళ్ళ వాదన.

ఈశ్వరయ్య గారు ఇస్త్రీ చొక్కా వేసుకుని సాక్షి బోనెక్కారు. కంపెనీ లాయరు ఒక్కో కాగితమూ చూపించి అడిగాడు. తెలుగు ఇంటర్‌ప్రెటర్ ఫోనులో ఉన్నాడు.

"ఇది మీ చేతిరాతేనా?"

"నాదే సార్. ఒక్క కొట్టివేత లేదు, చూడున్రి."

"ఇది?"

"అదీ నాదే."

అరగంట సేపు అలా ఒప్పుకున్నారు, తన పనిని మెచ్చుకోవడానికే అడుగుతున్నారన్నట్టు. అవతలివాడు ఎందుకడుగుతున్నాడో అర్థమయ్యాక ఆయన గొంతు తగ్గిపోయింది. అప్పుడు కూడా "నాదే" అనడం మానలేదు.

ఆ వరసల్లో ఒకటి నాది. సంతకం నాదేనని ప్రమాణం చేసి చెప్పాను. జడ్జి గారు మర్యాదగానే విన్నారు. ఇందులో మోసం ఏమీ కనిపించలేదని కూడా అన్నారు. కానీ తేదీ ఎవరు వేశారన్నదే ప్రశ్న అన్నారు. మూడు వందల తొంభై ఆరూ కొట్టేశారు. నూట ఎనిమిది తక్కువయ్యాయి. బ్యాలెట్ మీద ప్రశ్న లేదు, డిసెంబరు తర్వాత బస్సు లేదు.

తర్వాత తెలిసిన సంగతి నన్ను ఇంకా మండించింది. ఎన్నికల్లో నిలబడే నాయకులు కూడా నామినేషన్ కోసం ఇలాగే సంతకాల కాగితాలు తెస్తారు. వాటిలో చిన్నచిన్న లోపాలుంటే మా రాష్ట్రంలో కోర్టులు చూసీ చూడనట్టు పోవచ్చు. జనం తమకు కావలసిన చట్టం తాము రాసుకుని తెస్తే మాత్రం తు.చ. తప్పకూడదు. అలాగని చట్టమే చెబుతుంది. పదవి అడిగేవాడికి ఒక న్యాయం, బస్సు అడిగేవాడికి ఒక న్యాయం. జనానికి హక్కు ఇచ్చామని చాటుకుంటారు, ఆ హక్కు వాడుకోబోతే కాలికి అడ్డం పెట్టే తాళ్ళు గజానికొకటి కడతారు. దొంగ సంతకాలు ఆపడానికే అంటారు. మరి దొంగ సంతకం ఒక్కటీ దొరకలేదుగా?

మన వాళ్ళు తక్కువ తిన్నారా? "పాపం అంకుల్, రూల్స్ తెలీక మొత్తం పాడుచేశాడు" అన్నది ఎవరనుకున్నారు? చేతిలో కొత్తిమీర పట్టుకుని ఆయన చేతే రాయించుకున్నవాళ్ళే. ఆ మాట నా ముందు అన్న పక్కింటి మానవ్‌ను కడిగేశాను. "నీ అడ్రస్ నువ్వు రాసుకోవడానికి అర నిమిషం లేకపోయిందా?" అంటే, నీకు మాత్రం ఉందా అన్నట్టు చూశాడు. 

బస్సు ఆగే ముందు వారం వాళ్ళింటికి వెళ్ళాను. గీతాంజలి కాదనలేదు, పొద్దున పూట దింపుతానంది. కానీ ఆమె తొమ్మిదిన్నరకు గానీ కదలలేదు, డేకేర్ ఏడింటికి తెరుస్తారు. నేను దింపుతానన్నాను.

"ఎన్ని దినాలు దింపుతవు బిడ్డా?" అన్నారు పద్మజ గారు. "నువ్వు రానినాడు నేను కిటికీల నుంచి చూసుకుంట కూసోవాలె. అది నాతోని కాదు. ఇగ బందు చేస్త."

ఈశ్వరయ్య గారు లేచారు. తెల్ల కాగితం తెచ్చి బల్ల మీద సర్దుకున్నారు. డేకేర్‌కు ఇవ్వాల్సిన రాజీనామా ఉత్తరం ఇంగ్లీషులో ఎలా మొదలుపెట్టాలని నన్నడిగారు. నేను చెబుతుంటే ఆమె పేరు, చిరునామా, ఏడేళ్ళ ఉద్యోగం, మానేసే తేదీ, అన్నీ ఆయనే ముత్యాల్లా రాశారు. పద్మజ గారు కింద సంతకం పెట్టారు.

మర్నాడు దాన్ని నేనే తీసుకెళ్ళి ఇచ్చాను. ఎవరు రాశారని అక్కడ ఎవరూ అడగలేదు. సంతకం ఉందా లేదా చూసుకుని తీసుకున్నారు.