తెల్ల టైల్స్ కింది రోలు

మా ఇంట్లో షాబాద్ బండల మీద తెల్ల టైల్స్ పరిపించిన నాటి నుంచి మేమందరం దొంగల్లా నడవడం నేర్చుకున్నాం. తడికాలు పెడితే జారతాం, పొడికాలు పెడితే మరక పడుతుంది, మరక పడితే బాపు, అంటే మా నాన్న, చూస్తాడు. నాందేడ్ బజారులో కిరాణా దుకాణం నడిపే మనిషి ఆయన. పప్పులో రాయిని పట్టే కన్ను ముందు మా కాలిముద్రలు ఎంత?

ఆ టైల్స్ భోకర్‌లోని ఒక షావుకారు ఇంట్లో పుట్టిన జబ్బు. బాపు అక్కడ భోజనానికి వెళ్లి వచ్చి, "నేల అద్దం లెక్క ఉన్నది. వంగితే మొఖం కనవడ్తది" అన్నాడు. అన్నం తినడానికి పోయి నేలలో మొహం ఎందుకు చూసుకున్నాడని అడిగేంత ధైర్యం మాకెవరికీ లేదు. తాతల నాటి నల్లబండలు సిమెంటు కిందికి పోయాయి. నేల రెండు వేళ్లు పైకి లేచింది. తలుపులు తెరుచుకోకపోతే వాటి అడుగులు కోయించారు.

బండలతో పాటు రోలూ పోయింది. నడింట్లో మూతి నేలకు సమంగా పాతిన రాతి రోలు అది. మిక్సీ వచ్చాక అది మా గోళీలాటకు తప్ప ఎందుకూ పనికిరాలేదు. మేస్త్రీ దాని మీద కూడా టైల్ పరిచేసి పోయాడు. నానమ్మ అప్పుడు ఇస్లాపూర్‌లో కూతురింట్లో ఉంది. తిరిగొచ్చి నేలంతా చూసింది. ఏమీ అనలేదు. మా నానమ్మ ఏమీ అనలేదంటే, అనడానికి సరైన సమయం కోసం చూస్తోందని లెక్క.

బాపు మాత్రం ఆ తెల్లటి నేల మధ్యలో కుర్చీ వేసుకుని స్థిరపడ్డాడు. ఫ్యాన్ గాలి అంతదూరం రాదు. చెమటలు కారుతున్నా కుర్చీ జరపడు. ఊడ్చేటప్పుడు కూడా కాళ్లు ఎత్తేవాడు తప్ప లేచేవాడు కాదు. సింహాసనం మోజు అనుకున్నాం.

అన్నకు పెళ్లి కుదిరింది. మా ఇళ్లలో పెళ్లి పనులు పసుపు దంచడంతో మొదలవుతాయి. మర్నాడు పసుపు దంచాలనగా మా కాక, అంటే బాపు తమ్ముడు, బజారు నుంచి చిన్న కొత్త రోలు పట్టుకొచ్చాడు. నానమ్మ దాన్ని ఇటు తిప్పి అటు తిప్పి చూసింది.

"మంచిగున్నది. చాయ్‌ల అల్లం దంచుకోను పనికస్తది."

"మరి పసుపు ఎండ్ల దంచుడు అవ్వా?" అన్నాడు బాపు వాళ్ల అమ్మతో.

"ఇంట్ల రోట్ల. మీ బాపు పసుపు అండ్లనే దంచిండ్రు. నీ పసుపు అండ్లనే నేను దంచిన. ఈ పిలగాని పసుపు అండ్ల వడకుంటే నేను పీటల కాడికి రాను. మీరే చేస్కోండ్రి."

అన్న మొహం పాలిపోయింది. చిన్నప్పటి నుంచి ఆమె చేతి ముద్దలు తిని పెరిగినవాడు. ఆమె లేకుండా పీటల మీద కూర్చోనన్నాడు. వాడు అంత గట్టిగా మాట్లాడటం అదే మొదటిసారి కాబట్టి బాపు దిగొచ్చాడు.

"సరే, ఒక్కటంటే ఒక్క టైల్ తీస్త. ఎక్కడుండె రోలు? గా బీరువా ఎన్కనే కదా?"

టైల్స్ వేయించినప్పుడు మధ్య గోడ కూడా తీసేశారు. దాంతో ఎవరి గుర్తు వారిదైంది. కాక రోకలి పట్టుకుని బీరువా వెనక టైల్ మీద కొట్టి చూశాడు. బోలుగా మోగింది.

"ఇగో, దొరికింది."

పక్క టైల్ కొట్టాడు. అదీ బోలే. గుమ్మం దగ్గరా బోలే. మేస్త్రీ టైల్స్ కింద సిమెంటు పూయలేదు, బొట్టు పెట్టాడు. కాక ఊచతో కొంచెం లేపితే చాలు, టైల్స్ అప్పడాల్లా పైకి వచ్చాయి. బాపు ఆ మేస్త్రీనే పిలిపించాడు. ఆయన వచ్చి, గోడకు పేర్చిన టైల్స్ వైపు గర్వంగా చేయి చూపించాడు.

"దేఖో సేఠ్, ఏక్ భీ నహీ టూటా."

ఒక్కటీ పగలలేదన్నది నిజమే.

నానమ్మ గడప మీద కూర్చుని కాకకు దారి చూపుతోంది. "గాడ చూడు బిడ్డా. ఆఁ, గా మూలకు గూడ ఉండొచ్చు." మూల అయ్యాక ఇంకో మూల. సగం ఇల్లు నల్లబండలతో బయటపడింది. అప్పుడు తీరిగ్గా అంది.

"ఇగ నువ్వు లెవ్వు కొడుకా."

"నేనెందుకు?"

"రోటి మీద కూసుంటే దరిద్రమంటరు. నువ్వు కుర్సీ ఏస్కొని మరీ కూసున్నవ్."

"నేను టైల్ మీద కూసున్న అవ్వా."

అయినా లేచాడు. కుర్చీ జరిపితే కింద టైల్ మధ్యలో నిలువునా పగులు. రోటి మూతి ఖాళీ మీద పరిచిన టైల్ ఎప్పుడో విరిగింది. అద్దం లాంటి నేలలో అదొక్కటే గీత. అది ఎవరికీ కనపడకూడదని ఇన్నాళ్లు ఫ్యాన్ గాలి వదులుకున్నాడు మా బాపు.

"ముందుగాల్నే తెలిస్తే చెప్పద్దా అవ్వా?" కాక నానమ్మ మీద విసుక్కున్నాడు. "ఇన్ని టైల్స్ ఎందుకు పీకిచ్చినవ్?"

"నాకు బండలు గూడ గావాలె" అంది నానమ్మ.

రోట్లో సిమెంటు కలిసిన ఇసుక, దాని కింద మేస్త్రీ పారేసుకున్న సున్నం డబ్బీ ఉన్నాయి. కడిగి, పసుపుకొమ్ము కట్టి, మర్నాడు అందులోనే పసుపు దంచారు. మొదటి పోటు నానమ్మదే. సగం తెలుపు సగం నలుపు ఉంటే చుట్టాలు నవ్వుతారని మిగతా టైల్స్ బాపే పీకించాడు. మేము బండల మీది సిమెంటును ఇటుక ముక్కలతో రుద్ది, నూనెగుడ్డతో తుడిచాం. కోసిన తలుపులు పొట్టి పైజామాల్లా వేలాడుతుంటే, కింది సందులోంచి పక్కింటి పిల్లి గర్వంగా లోపలికి వచ్చింది.

భోకర్ షావుకారు పెళ్లికి వచ్చాడు. నేలను మెచ్చుకున్నాడు. "కొత్తగ ఏయించిండ్రా?"

"ఆఁ, ఏరి ఏరి తెప్పిచ్చిన" అన్నాడు బాపు, ఫ్యాన్ కింది కుర్చీలోంచి.

నానమ్మ పీటల దగ్గరే కూర్చుంది. అన్న మాత్రం తలంబ్రాల దాకా గోక్కుంటూనే ఉన్నాడు. రోలు ఎంత కడిగినా, వాడి ఒంటికి పూసిన పసుపులో సిమెంటు మిగిలింది. వాడు నానమ్మ వైపు వంగి దురద అని గొణిగాడు. ఆమె వాడి చెయ్యి పట్టుకుని కిందికి దించింది.

"ఓర్సుకో బిడ్డా. ఇంటి పసుపు."