రాగినారు నాటిన ఆదివారం

నేను రిటైరవడానికి కొన్నాళ్ళ ముందు, ఒక ఆషాఢం మొదట్లో, నన్ను బెంగళూరు శివార్లలో చందాపుర దగ్గరి రైతు కేంద్రానికి మార్చారు. నా పని ఫీల్డ్ అసిస్టెంటు. ఏడో తరగతి చదువుకు అంతకన్నా పెద్ద ఉద్యోగం రాదు. పైన వ్యవసాయ అధికారి. ఆయన మాటను పొలం దాకా మోసేవాళ్ళం మేము.

ఆ ఏడు మాకు గుంత రాగి ప్రదర్శన చేను ఒకటి ఇచ్చారు. రాగిని చల్లకుండా ముందు నారు పోసుకోవాలి. ముడులు వేసిన తాడు పట్టుకుని చేలో నిలువూ అడ్డమూ గీతలు గీసి, గీతలు కలిసిన చోట గుంత తీసి, ఎరువు వేసి, గుంతకు రెండే మొక్కలు పెట్టాలి. ఎడం ఎక్కువ కాబట్టి పిలకలు బాగా వేస్తుంది. విత్తనం, ఎరువు కేంద్రానివి. నాటడం మాత్రం అధికారి ఎదుట, ఊరివాళ్ళు చూస్తుండగా జరగాలి. చూసి నేర్చుకోవాలనే కదా ప్రదర్శన.

అర ఎకరం ఉన్న మునెమ్మను ఎంచారు. ఆమె మొగుడు అత్తిబెలెలో లోడు ఆటో తోలుతాడు. ఆమె తెల్లవారకముందే వ్యానెక్కి బెళ్ళందూరులో ఒక ఆఫీసు శుభ్రం చేయడానికి పోతుంది. నారు తానే పోసి, పని నుంచి వచ్చాక తానే నీళ్ళు పెట్టి పెంచింది. అది నాటే వయసుకు వచ్చింది. అధికారి బుధవారం ఖాయం చేశారు. ఆ మాట చెప్పడానికి సాయంత్రం పోతే మునెమ్మ నవ్వింది.

"బుధవారమా అక్కా? ఆ పొద్దు నేను బాత్రూములు కడగతా ఉంటాను. నారు నువ్వు నాటతావా, లేకుంటే బాత్రూములు కడగనీకి పోతావా?"

నవ్వింది గానీ మరుక్షణమే మొహం చిన్నబోయింది. సూపర్‌వైజరు సెలవు లేదన్నాడు. మానేస్తే ఆమె చోట్లోకి ఇంకొకరు వస్తారు. నాటకపోతే ప్రదర్శన పక్క ఊరి బోరుబావి రైతుకు పోతుంది, కేంద్రం ఎరువు రాక ఆమె నారు ముదిరిపోతుంది. ఆ ఏడు ఇంటి తిండి ఆ నారులోనే ఉంది.

ఆదివారం పెడదాం సార్ అని అధికారికి చెప్పాను. ఆదివారం తనకూ సెలవే కదమ్మా అన్నారు. ఆమె లేకపోతే మొగుడుంటాడు, ఊళ్ళో నలుగురుంటారు, బుధవారమే పోదామన్నారు. బుధవారం పొద్దున బ్యానరు పట్టుకుని జీపెక్కాను.

మునెమ్మ వీధిలో ఇళ్ళన్నిటికీ తాళాలే. పాలడెయిరీ అరుగు మీద ఒక ముసలాయన మాత్రం లేచి నిలబడ్డాడు.

"ఇంటి సైటు చూడనీకి వచ్చినారా సామీ? కార్నరుది అమ్ముడుపోయిండాది."

అధికారి బ్యానరు విప్పించలేదు. తిరుగు దారిలో చివరికి, ఆదివారం ఎన్నింటికి రమ్మంటావమ్మా అని అడిగారు.

ఆదివారం పొద్దున్నే మునెమ్మతో వ్యానులో పోయే ఆడవాళ్ళంతా చేలో దిగారు. అందరికీ ఎంతో కొంత భూమి ఉంది. ఈ ఆదివారం ఒకరి చేను, మరు ఆదివారం ఇంకొకరిది. కూలి లేదు, చేతికి చేయి బదులు. వాళ్ళు అలా చేసుకుంటున్నారని మా కేంద్రంలో ఎవరికీ తెలియదు.

"ఏమే మునీ, ఇంత ఎడంగా నాటితే నడాన బైకు నిలపొచ్చు కదే!" అని ఒకామె ఎత్తిపొడిచింది.

"నిలుపుకోవే. పార్కింగు దుడ్లు పెట్టి పో" అంది మునెమ్మ.

అధికారి కూడా నవ్వి, తాడు రెండో కొస ఆయనే పట్టుకున్నారు. మధ్యాహ్నానికి నాటు అయిపోయింది. సోమవారం మునెమ్మ మామూలుగా వ్యానెక్కింది. కలుపు కూడా ఆదివారాలే తీయించాం. పంట ఆమెకు ఎప్పుడూ వచ్చేదానికన్నా బాగానే వచ్చింది. ఆ ఆడవాళ్ళలో ఇద్దరు మరుసటి ఏడు తమకూ విత్తనం ఇమ్మన్నారు.

అప్పటిదాకా కొత్త రైతు దగ్గరికి పోతే భూమి ఎంత, నీళ్ళున్నాయా అని అడిగేదాన్ని. ఆ తరువాత వారంలో ఏ రోజు ఇంటి దగ్గర ఉంటారని కూడా అడగడం మొదలుపెట్టాను. బెంగళూరు చుట్టూ చిన్న రైతు అంటే సగం రోజులు ఇంకో పనిలో ఉండే మనిషి. ఆ మనిషికి వీలుపడని రోజున చెప్పిన సాగు పద్ధతి, ఎంత మంచిదైనా, చేలోకి దిగదు.