దోషం తీయించిన పూస

మా అన్నయ్యని తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

మా ముత్తాత నరసాపురం నుంచి రంగం, అంటే బర్మాలోని రంగూన్, కూలికి వెళ్ళి, తిరిగొస్తూ ఒక పసుపు పూస తెచ్చాడు. ఎప్పటిదో చెట్టుబంక గట్టిపడి రాయైన అంబర్ అది. లోపల ఒక చీమ. దోషమున్న పూసని ఇంట్లో ఏ ఆడదీ మెడలో వేసుకోలేదు. భీమవరంలో జువాలజీ పాఠాలు చెప్పుకునే నేను మాత్రం ఒకసారి దాన్ని మైక్రోస్కోపు కింద పెట్టి కేక వేశాను.

దాని దవడలు కొడవళ్ళలా పైకి లేచి ఉన్నాయి. ఇప్పటి చీమల దవడలు పక్కలకి తెరుచుకుంటాయి. డైనోసార్ల కాలంలో మాత్రం దవడలు పైకెత్తి, వేటని తలమీది కొమ్ముకేసి నొక్కే చీమలుండేవి. ఆ వంశంలో ఒక్కటీ మిగల్లేదు. పరిణామమంటే మెట్లెక్కడం అనుకునేవాళ్ళకి ఆ తలకాయ చూపిస్తే చాలు. భేషుగ్గా బతికిన జాతి కూడా ఆనవాలు లేకుండా పోతుందని తెలిసొస్తుంది. పూసని మళ్ళీ అన్నయ్య ఇంట్లో అమ్మ పెట్టెలో పెట్టి, ఫోటో ఒక పరిశోధకుడికి పంపాను. "ఫోటోలో తల మసకగా ఉంది. కొత్త జాతి కావచ్చు, పూస పట్టుకురండి," అన్నాడాయన. పూస జాగ్రత్త అని వెంటనే అన్నయ్యకి ఫోన్ చేశాను.

వారానికి వెళ్తే అన్నయ్య వేలికి కొత్త ఉంగరం, అందులో మా పూస. రొయ్యల చెరువు దెబ్బతిందని ఎవడో జ్యోతిష్కుడు పసుపు రాయి పెట్టుకోమన్నాడట.

"చీమేది అన్నయ్యా?"

"దోషం తీయించకుండా ఎవరైనా పెట్టుకుంటారేంటే? కంసాలి చేత అరగదీయించా. కొంచెం మిగిలిందిలే, కనబడదు."

చెయ్యి లాక్కుని చూశాను. నడుముంది, కాళ్ళున్నాయి. తల లేదు.

"నీ చేతులు పడిపోనూ! జాగ్రత్తని చెప్పానా లేదా?"

"పూస జాగ్రత్తన్నావు. చీమ జాగ్రత్తన్నావా?"

"పది కోట్ల ఏళ్ళనాటిది రా అది!"

"రా అంటావేంటే? చచ్చిన చీమ కోసం అన్నని శపిస్తావా? రాజమండ్రిలో చీమల్ని ప్లాస్టిక్‌లో పెట్టి ఇస్తారు, ఇంకా పెద్దది చేయిస్తాలే."

ఏదో వాగాడనుకున్నాను. నెల తిరక్కుండా వదిన చేత నిజంగానే పంపించాడు. మెరిసిపోయే పసుపు బిళ్ళ, మధ్యలో మన ఇళ్ళల్లో తిరిగే గండుచీమ. తల నిక్షేపంగా ఉంది.

"మీ అన్నయ్య దగ్గరుండి చేయించారమ్మా. ఇక కోపం మానెయ్యమన్నారు," అంది వదిన.

బిళ్ళ తిరిగి ఆవిడ చేతిలో పెట్టి తలుపు వేశాను. మళ్ళీ తియ్యలేదు.