తట్ట నెత్తిన పెడితేనే వచ్చే పాట

విజయనగరంలోని మా సంగీత సభలో ఒక అలవాటుంది. నెలకో ఆదివారం పదకొండు మందిమి కూడి, ఎవరికి కొత్తగా దొరికిన సంగీతం వాళ్లు మిగతావాళ్లకు వినిపిస్తాం. అరిగిపోయిన గ్రామఫోను రికార్డులో సన్నాయి, ఎడారి దేశాలవాళ్ల గిటారు, పెళ్లి బ్యాండువాళ్ల క్లారినెట్టు, అన్నీ తీసుకెళ్లాను నేను. ఎవరూ కాదనలేదు. కిందటి నెల నౌపడా స్టేషనులో చేపలమ్మే నూకమ్మ నోట విన్న నాలుగు చరణాల సంగతి ఎత్తగానే మాత్రం కార్యదర్శిగారు కళ్లజోడు తీసేశారు. "శ్రుతి లేదు, తాళం లేదు. అది సంగీతం కాదండీ" అన్నారు, ఒక్క ముక్కయినా వినకుండానే. ఎక్కడో ఎడారిది పనికొచ్చింది, పక్క జిల్లాది పనికిరాలేదు! నాకు ఒళ్లు మండింది. "వచ్చేసారి వినిపిస్తాను. విన్నాక కూడా అందరూ ఇదే మాటంటే మళ్లీ ఈ గుమ్మం తొక్కను" అని వచ్చేశాను. పాతికేళ్లుగా వయొలిన్ నేర్పుతున్నదాన్ని, ఆ మాత్రం పొగరు నాకుంది.

సభ రేపనగా, శనివారం పొద్దున్న ఆరున్నరకు విజయనగరంలో పలాస పాసింజరు ఎక్కాను. ఆమదాలవలసలో ఎక్కిన ఒకావిడ ఎదురుగా కూర్చుని ఫోనులో ఒడియా భజన గట్టిగా పెట్టింది. జీడిపప్పు బట్టీలో పనట.

"ఒడియా వచ్చా?" అని అడిగాను.

"రాదు. మాటలు రాకపోతే ఏటి, ఏడుపొస్తాది కదా" అంది.

నా ఇయర్‌ఫోను ఒకటి ఆవిడ చెవిలో పెట్టి పాత సన్నాయి వినిపించాను. కళ్లు మూసుకుని విని, "బావున్నాది గానీ, ఈయన ఏటలా తొందరపడతన్నాడు?" అంది. మూడు నిమిషాల్లో రాగం ముగించాల్సిన రికార్డు అది, తొందర నిజమే. మా సభలో ఇంతవరకు ఒక్కరూ ఆ సంగతి పట్టుకోలేదు.

తొమ్మిది దాటాక నౌపడాలో దిగి, ఇడ్లీ తిని, షేర్ ఆటో ఎక్కాను. మీరు ఎప్పుడైనా వెళ్తే గంట చేతిలో ఉంచుకోండి, నిండేదాకా కదలదు. ఉప్పు మళ్ల మధ్య నుంచి నూకమ్మ ఊరు భావనపాడు చేరేసరికి పదిన్నరయింది.

"నిజంగానే వచ్చీసినావేటమ్మా!" అని నూకమ్మ చాప వేసింది. అరవై దాటి ఉంటాయి. నేను ఫోను సర్దుకుని, శ్రుతి పెట్టె మీట నొక్కి, పాడమన్నాను. రెండు చరణాలు పాడి ఆగిపోయింది. మళ్లీ మొదలెట్టి మళ్లీ ఆగింది. మూడోసారీ అంతే. రైలెక్కినప్పటి నా ధైర్యం కాస్తా నీరుగారిపోయింది.

"కూకుంటే రాదమ్మా" అని లేచింది నూకమ్మ. మూలనున్న ఖాళీ తట్ట నెత్తిన పెట్టుకుని వీధిలోకి నడిచింది. నాలుగు అడుగులు వేసిందో లేదో, పాట వచ్చింది.

ఆటోలు లేని రోజుల్లో ఆడవాళ్లు చేపల తట్టలతో టెక్కలి సంతకు నడిచి వెళ్లేటప్పుడు పాడుకున్న పాటట అది. ఎండెక్కితే చేప పాడవుతుంది, కాబట్టి నడక ఆగకూడదు, పాటా ఆగకూడదు. చాప మీద నేను తొడ కొట్టుకుంటూ లెక్కేసినప్పుడు జారిపోయిన తాళం, ఆమె వెనక పరుగెత్తుతుంటే దొరికింది. రెండు పొడుగు అడుగులు, బరువు సర్దుకునే ఒక పొట్టి అడుగు. ఊపిరి ఎక్కడ తీసుకోవాలో కాలే చెబుతోంది. ఊరి చివర ఆమె ఆగాక, ఆఖరి స్వరం చెవిలో ఉండగానే సంచిలోంచి శ్రుతి పెట్టె తీసి మోగించి చూశాను. ఎక్కడ మొదలుపెట్టిందో ఆ షడ్జమం మీదే నిలబడి ఉంది. నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

ఫోనులో రికార్డయింది వింటే, ముప్పాతిక భాగం నా రొప్పే పడింది. నూకమ్మ పడీపడీ నవ్వి, "నన్నే తీస్కెళ్లిపో" అంది.

"చేపలు తినను" అని చెబితే "మరేటి తింటావు, గాలా?" అని గదమాయించి, పప్పు వండి అన్నం పెట్టింది. టెక్కలిలో మూడింటి బస్సు ఎక్కాం. ఆడవాళ్లకు ఉచితం కాబట్టి ఆధార్ కార్డులు చూపించి సున్నా టికెట్లు తీసుకున్నాం.

"ఖాళీ తట్టేటి మామ్మా?" అన్నాడు కండక్టరు.

"నీకెందుకు, టికెట్టు కొట్టు" అంది.

బస్సెక్కే ముందే కార్యదర్శిగారికి, నూకమ్మను తీసుకొస్తున్నానని, తట్టతో నడుస్తూ పాడుతుందని రాసి పంపాను. మడపం దగ్గర వంశధార దాటుతుండగా ఆయన ఫోను చేశారు. "అందరిలా వేదిక మీద కూర్చుని పాడితే సరే. తట్టతో నడవడానికి హాలు ఇవ్వలేమండీ" అన్నారు. ఫోను పెట్టేశాను. సంగీతమంటే కూర్చునే వినాలని మాకు ఎవరు చెప్పారో, ఇన్నేళ్లూ నేనెందుకు అడగలేదో! కష్టపడే కాళ్లలోంచి వచ్చిన పాటను చాప మీద కూర్చోబెట్టబోయిన మొదటి మనిషిని నేనే కదా.

సంగతి చెబితే నూకమ్మ కిటికీలోంచి చూపు తిప్పకుండానే అంది: "నాకు హాలెందుకమ్మా? మీ ఊర్లో రోడ్డు నేదా?"

శ్రీకాకుళం కాంప్లెక్సులో బస్సు మారేలోపు సభ గ్రూపులో రాసేశాను: "రేపు సాయంత్రం నాలుగున్నరకు గంటస్తంభం దగ్గర మొదలు, కోట దాకా. కుర్చీలు ఉండవు. నడవగలిగే చెప్పులు వేసుకుని రండి."